ఊరిని బట్టి గోడ

బేస్‌బాల్‌లో కొన్ని కొలతలు ఎక్కడికెళ్లినా మారవు. ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కి 90 అడుగులు. పిచ్చర్ కాలు మోపే పలక నుంచి హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు. కానీ అవతల ఫీల్డర్లు తిరిగే మైదానం ఎంత ఉండాలి, దాని చుట్టూ గోడ ఎంత ఎత్తు లేవాలి అన్నవి మాత్రం ఊరిని బట్టే ఉంటాయి.

ఆ తేడాలు చూసి రాయడానికే వేసవి సెలవుల్లో మా రైటింగ్ క్లాసు పిల్లలం వ్యాను మాట్లాడుకుని అమెరికా రోడ్లెక్కాం. మేడం పెట్టిన షరతు ఒకటే: స్కోరు ఎవరైనా రాస్తారు, ఆ గ్రౌండ్ అలా ఎందుకుందో మీరు రాయండి. క్రికెట్‌లో బౌండరీ తాడు ముందుకూ వెనక్కూ జరగడం టీవీలో చూస్తూ పెరిగిన నాకు ఆ షరతు ఎంతో నచ్చింది.

బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్‌ని 1912లో తెరిచారు. ఇప్పటి మేజర్ లీగ్ మైదానాల్లో అన్నిటికంటే పాతది అదే. ఎడమ వైపు లాన్స్‌డౌన్ వీధి అడ్డొచ్చింది. వీధి జరగదు కాబట్టి మైదానమే తగ్గింది. అక్కడ నిలబడ్డ 37 అడుగుల పచ్చ గోడ పేరు గ్రీన్ మాన్‌స్టర్. వేరే ఊళ్లో గోడ దాటి హోమ్ రన్ అయ్యే దెబ్బ, తక్కువ ఎత్తులో దూసుకొస్తే ఈ గోడకి కొట్టుకుని వెనక్కొస్తుంది. ఫీల్డర్ చేతిలో పడాల్సిన ఎత్తైన బంతి ఇక్కడ గోడ దాటిపోతుంది. గోడ లోపల మనుషులుండి స్కోరు అంకెల పలకలు ఇప్పటికీ చేత్తోనే మారుస్తారు. ఆట మానేసి నేను చాలాసేపు ఆ పలకల వైపే చూశాను.

బాల్టిమోర్‌లో కేమ్‌డెన్ యార్డ్స్ 1992 నాటిది. అంతకుముందు చాలా నగరాలు అమెరికన్ ఫుట్‌బాల్‌కీ బేస్‌బాల్‌కీ కలిపి ఒకే గుండ్రటి కాంక్రీటు స్టేడియం కట్టేసేవి. బాల్టిమోర్ వాళ్లు పాత రైల్వే గోడౌన్‌ని కూలగొట్టకుండా కుడివైపు అలాగే ఉంచి, ఎర్ర ఇటుకతో మైదానం కట్టారు. ఆ తర్వాత ఎన్నో ఊళ్లు ఈ దారే పట్టాయి.

పిట్స్‌బర్గ్ దగ్గర నా మనసు ఆగిపోయింది. 2001లో తెరిచిన పీఎన్‌సీ పార్క్‌లో కుడివైపు గోడ ఎత్తు 21 అడుగులు. 21 రాబర్టో క్లెమెంటే జెర్సీ నంబరు. ప్యూర్టోరికో నుంచి వచ్చి, ఇక్కడి పైరేట్స్ జట్టుకి సరిగ్గా 3,000 హిట్లు కొట్టిన ఆటగాడు. 1972 డిసెంబర్ 31న, నికరాగువా భూకంప బాధితులకి సామాన్లు తీసుకెళ్తుంటే విమానం సముద్రంలో కూలి చనిపోయాడు. ఆయన కాపు కాసింది కుడి మైదానంలోనే. అందుకే ఆ వైపు గోడకే ఆ కొలత. అల్లెఘెనీ నది మీద ఆయన పేరుతో వంతెన ఉంది. ఆట రోజున దాని మీద కార్లు ఆపేస్తారు. పసుపుపచ్చ ఇనుప వంతెన నిండా జనం నడిచి వస్తుంటే మేమూ వాళ్లలో కలిశాం.

చివరికి షికాగో. 1914 నాటి రిగ్లీ ఫీల్డ్‌లో ఇటుక గోడని 1937లో నాటిన ఐవీ తీగ కప్పేసింది. బంతి ఆ ఆకుల్లో ఇరుక్కుంటే ఫీల్డర్ రెండు చేతులూ ఎత్తుతాడు, అంపైర్ రెండు బేస్‌లు ఇస్తాడు. చేతులెత్తకుండా బంతి కోసం ఆకుల్లో వెతికాడంటే ఆట నడుస్తున్నట్టే, రన్నర్ ఎంత దూరమైనా పరుగెత్తవచ్చు. తీగని పీకేయకుండా దానికోసం ఒక రూల్ పెట్టుకున్నారని మా వ్యానులో అందరికీ ముచ్చటేసింది, చాలామంది దాని మీదే రాశారు. నేను 21 అడుగుల గోడ గురించి రాశాను.