చలికాలం – కొన్ని వెచ్చని అలవాట్లు

మన దక్కను పీఠభూమిలో మంచు కురవదు, చెరువులు గడ్డకట్టవు. అందువలన చలికాలాన్ని మనం గొప్ప శత్రువుగా లెక్కించం. కాని పుష్యమాసపు తెల్లవారుజామున పాలకో, నమాజుకో, మొదటి బస్సుకో ఇల్లు విడిచి బయలుదేరిన వారిని అడిగితే ఈ చలి పదును ఎంతటిదో చెబుతారు. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. చలికాలంలో ఇక్కడి ఆకాశం నిర్మలం, గాలి పొడి. మేఘాల కప్పు లేనందువలన పగలు నేల పుచ్చుకొన్న వేడి రాత్రివేళ నిరాటంకంగా వెడలిపోతుంది. అందుకే మధ్యాహ్నం స్వెట్టరు బరువనిపించిన మనిషికే సూర్యోదయ వేళ పళ్లు కొట్టుకొంటాయి. 1946 జనవరి 8న ఈ నగరంలో ఉష్ణోగ్రత 6.1 డిగ్రీల సెల్సియస్‌కు దిగింది.

పైగా మన ఇండ్లు ఎండకాలాన్ని దృష్టిలో ఉంచుకొని కట్టినవి. పెద్ద కిటికీలు, షాబాదు బండల నేల వేసవిలో వరం, చలిలో శాపం. గదులను వెచ్చబెట్టే ఏర్పాటు సామాన్యుల ఇండ్లలో లేదు. మనకున్నవి పెద్దలు నేర్పిన కొన్ని చిన్న అలవాట్లు. వాటి వెనుక ఉన్న కారణం తెలిస్తే ఏది మేలు చేస్తుందో, ఏది కీడు చేస్తుందో మనమే నిర్ణయించుకోవచ్చు.

"రజాయి వేడినిస్తుంది" అని అంటుంటాం. శాస్త్రరీత్యా ఇది సరికాదు. వేడి పుట్టేది మన దేహంలోనే. తిన్న అన్నాన్ని ఇంధనంగా చేసుకొని, ఊరక కూర్చున్న మనిషి శరీరం కూడా సుమారు వంద వాట్ల పాతకాలపు విద్యుద్దీపం వెలువరించేటంత వేడిని నిరంతరం వెలువరిస్తుంది. రజాయి చేసే పని ఆ వేడిని బయటికి పోకుండా కాపాడటం. మంచుగడ్డను కంబళిలో చుట్టి చూడండి. అది త్వరగా కరగదు సరికదా, మరింత ఆలస్యంగా కరుగుతుంది. కంబళి తనంతట తాను వేడిని ఇచ్చేదే అయితే ఇట్లా జరుగదు కదా!

ఈ కాపలా పనిలో అసలు పాత్ర దూదిది కాదు, దూది పోగుల నడుమ చిక్కుకొన్న గాలిది. కదలక నిలిచిన గాలి వేడిని చాల నెమ్మదిగా ప్రసరింపజేస్తుంది. ఏళ్ల తరబడి వాడిన రజాయిలో దూది అణగి ఉండలు కడుతుంది. ఏకు మేకైందన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది. బరువు తగ్గదు, వెచ్చదనం తగ్గుతుంది. అప్పుడే దూదేకులవారి అవసరం కలుగుతుంది. పింజారులని, నూర్‌బాషాలని కూడా పిలువబడే ఈ తెలుగు ముస్లిముల కులవృత్తి దూది ఏకటం. వింటి నారిని దూదిలో ఉంచి కొయ్య గూటంతో మీటితే, ఆ ప్రకంపనకు పోగులు విడివడి దూది మబ్బువలె పొంగుతుంది. వారు రజాయిలోకి తిరిగి చేర్చేది గాలినే. నేడు ఆ పని చాలచోట్ల యంత్రాలు చేస్తున్నవి. అయినా సూత్రం అదే: కొత్త రజాయి కొనేముందు పాతదాన్ని ఏకించి చూడటం మంచిది.

రజాయిలను ఎండబెట్టడం మరొక మంచి అలవాటు. నీరు గాలికన్న ఇరవై రెట్లకు మించి వేగంగా వేడిని ప్రసరింపజేస్తుంది. నిద్రలో పట్టిన చెమట, రాత్రి తేమ దూదిలో చేరితే గాలి స్థానాన్ని నీరు ఆక్రమిస్తుంది. కనుకనే మన అమ్మలు పదిగంటల ఎండలో పక్కబట్టలను మేడమీద ఆరవేసి, ప్రొద్దు వాలకముందే మడిచి లోనికి తెస్తారు. సాయంత్రం దాకా ఉంచితే మంచు పడి ఆ శ్రమ అంతా వ్యర్థమవుతుంది.

కురుమలు నేసే గొంగడి తీరు వేరు. ఉన్ని తన బరువులో మూడవ వంతుకు దగ్గరగా తేమను పీల్చుకొని కూడా తడిసినట్లు తోచదు. అందుకే వానకూ చలికీ గొర్రెలకాపరికి అదే ఇల్లు. ఇక పాత చీరలను పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంత పేదవాని రజాయి. పొరకూ పొరకూ నడుమ గాలి నిలుస్తుంది గనుక ఒక మందపాటి దుప్పటికన్న రెండు పలుచని దుప్పట్లు మేలన్న మాట నిజమే.

చాలామంది మరచే సంగతి మరొకటి ఉన్నది. చలి పైనుంచి మాత్రమే కాదు, క్రింది నుంచీ వస్తుంది. బండల నేల ఒంటి వేడిని రాత్రంతా లాగివేస్తుంది. ఒకే కంబళి ఉన్నవాడు దానిని రెండుగా మడిచి సగం పరచుకొని, సగం కప్పుకోవటం తెలివైన పని. చాప క్రింద పాత వార్తాపత్రికల మందపాటి పొర పరచినా తేడా తెలుస్తుంది.

ఆహారం విషయానికి వద్దాం. నువ్వులలో బరువుకు దాదాపు సగం నూనె. ఒక గ్రాము పిండిపదార్థం నాలుగు కేలరీలనిస్తే, ఒక గ్రాము నూనె తొమ్మిది కేలరీలనిస్తుంది. సంక్రాంతికి నువ్వుల అరిసెలు చేసుకోవటంలో ఋతువును ఎరిగిన వివేకం ఉన్నది. పాతబస్తీలో రాత్రంతా ఉడికించి వేకువన వడ్డించే నహారీ పేరు "పగలు" అనే అర్థమిచ్చే అరబ్బీ పదం నుండి వచ్చింది. ఇక చాయ్ మాటేమిటి? అరవై డిగ్రీల వేడి గల 100 మిల్లీలీటర్ల చాయ్ తన వేడితో మన శరీరానికిచ్చేది రెండు మూడు కేలరీలే. అది ఒక గ్రాము చక్కెర ఇచ్చే శక్తికన్న తక్కువ! అయినా అరచేతులకూ గొంతుకూ తగిలే ఆ వెచ్చదనం మనసుకు ధైర్యమిస్తుంది. అదీ ఒక అవసరమే.

కాని ఒక అలవాటును గట్టిగా ఖండించక తప్పదు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఉంచుకొని నిద్రించటం ప్రాణాపాయం. బొగ్గుల నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకన్న 200 రెట్లకు మించిన బలంతో పట్టుకొంటుంది. నిద్రలో ఉన్నవానికి ఊపిరాడటం లేదన్న స్పృహ కూడ కలుగదు. పొగ రాకుండా కణకణలాడే నిప్పుల నుండి కూడా ఈ వాయువు వస్తుంది. కుంపటి చుట్టూ ఆరుబయట కూర్చోండి; దానితో పడకగదిని పంచుకోకండి. బాలింతల గదిలో అసలే వద్దు.

కంబళి మన వేడిని కాపాడేదే తప్ప వేడిని ఇచ్చేది కాదన్నాం. అట్లయితే కడుపునిండా తినని వాని దగ్గర కాపాడుకోవటానికి వేడి ఎంత ఉంటుంది? వృద్ధులలో చలిని ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది. పసికందులకు వణకటం కూడ రాదు. ఉర్దూ, హిందీ సాహిత్యాలకు సమానంగా చెందిన ప్రేమ్‌చంద్ (1880–1936) "పూస్ కీ రాత్" అనే కథ వ్రాశారు. పూస్ అంటే మన పుష్యమే. కంబళికై కూడబెట్టిన మూడు రూపాయలను అప్పులవానికి ధారపోసిన హల్కూ అనే రైతు, పొలం కాపలాలో కుక్కను ఒడిలోకి తీసుకొని ఆ రాత్రి గడుపుతాడు. ఆ కథలోని హల్కూ నేటికీ మన బస్టాండ్లలో, ఆసుపత్రుల ఆవరణలలో పడుకొని ఉంటాడు.

కాబట్టి ఇంట్లో మిగులుగా ఉన్న కంబళిని పుష్యంలో కాక కార్తికంలోనే ఇచ్చివేద్దాం. చలి ముదిరిన పిదప ఇచ్చిన కంబళి గడచిన రాత్రులను వెనుకకు తేలేదు. ఇచ్చేముందు ఒక పూట ఎండబెడదాం. దానితోపాటు పరచుకొనటానికి ఒక చాప, ఆ పూటకు వేడి అన్నం కూడ ఇస్తే, కంబళికి కాపాడవలసిన వేడి దొరుకుతుంది.