కడుపులో బిడ్డ కోసం ఓ యుద్ధం

సినిమాల్లో ఫైటింగులంటే నాకు మొదట్నుంచీ పడదు. అయినా పిల్లల పోరు పడలేక 2024 జులైలో నెమలి నుంచి తిరువూరు వెళ్లి ‘కల్కి 2898 ఏడీ’ చూసొచ్చాం. నేనూ, మావారూ, పిల్లలిద్దరూ, తోడుగా మా పక్కింటమ్మాయి. తిరిగొచ్చేటప్పుడు పిల్లలు దారి పొడుగునా ప్రభాస్ కారు ‘బుజ్జి’ గురించే వాదులాట! పక్కింటమ్మాయి మాత్రం నోరు విప్పలేదు. ఊళ్లోకొచ్చి వేణుగోపాలస్వామి గుడి దగ్గర ఆటో దిగాక మెల్లిగా అంది.

“ఎనిమిదొందల ఏళ్లు పోయాక కూడా ఆడదానికి కడుపే లెక్కా అక్కా?”

ఆ పిల్లకి పెళ్లయి తొమ్మిదేళ్లు. సంతానం లేదు. మొక్కని దేవుడు లేడు. “ఏమన్నా విశేషమా?” అని అడగని పేరంటం లేదు. నేనేం చెప్పను? “పద, చీకటి పడింది” అన్నానంతే.

చూడనివాళ్లకి కథ రెండు ముక్కల్లో చెబుతాను. లోకమంతా పాడైపోయి చివరికి కాశీ ఒక్కటే మిగులుతుంది. గంగ ఎండిపోయింది. నీళ్లూ, చెట్లూ, మంచి తిండీ అన్నీ ‘కాంప్లెక్స్’ అనే పెద్ద కట్టడం లోపలే ఉంటాయి. అది ఆకాశంలో బోర్లించిన గోపురంలా వేలాడుతుంటుంది. పిల్లల్ని కనగల ఆడవాళ్లని అక్కడికి పట్టుకుపోయి, గర్భాల మీద ప్రయోగాలు చేస్తారు. వాళ్లకి పేర్లుండవు, నెంబర్లే. దీపికా పదుకొణె అక్కడ ‘సమ్-80’. ఆమె కడుపు నిలుస్తుంది. పారిపోతుంది. అక్కణ్ణించి ఆ కడుపు కోసమే వేట. పట్టిస్తే వచ్చే డబ్బు కోసం ప్రభాస్ ఒక వైపు, కాపాడ్డానికి అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్ ఒక వైపు.

ఇది వేల మైళ్ల అవతలి ఇంగ్లీషు సినిమాల తరహా అని మావారంటారు. ఎడారి, తుక్కు బళ్లు, తుపాకులు చూస్తే నిజమే ననిపిస్తుంది. కానీ మనసు పట్టుకున్నది అవి కాదు. భారతం తెలిసిన ఏ ఇల్లాలికైనా ఉత్తర కథ తెలుసు కదా! అభిమన్యుడు పోయాక ఆమె కడుపులో మిగిలిన ఒక్క నలుసు మీద అశ్వత్థామ అస్త్రం వేశాడు. కృష్ణుడు ఆ బిడ్డని బతికించి, వాణ్ణి శపించాడు. సినిమా అక్కడే మొదలవుతుంది. ఒక కడుపు మీద అస్త్రం వేసినవాడే వేల ఏళ్ల తర్వాత ఇంకో కడుపుకి కాపలా కాయాలి! దర్శకుడు నాగ్ అశ్విన్ ఎక్కడ పట్టుకున్నాడో గానీ, గట్టిగానే పట్టుకున్నాడు. కృష్ణుడి మొహం చూపించకపోవడం కూడా నాకు నచ్చింది. మా గుళ్లో స్వామినే తలచుకున్నాను.

ఇలాంటి ఊహ మన తెలుగు తెరకి కొత్తేం కాదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు ‘ఆదిత్య 369’లో 2504వ సంవత్సరం చూపించారు. యుద్ధం తర్వాత భూమి పైన బతకలేక జనం నేల కింద కాపురాలు పెడతారు. చిన్నప్పుడు టీవీలో చూసి ‘మరి పైన ఆరేసిన బట్టలో?’ అని బెంగపడ్డాను! 2025 ఏప్రిల్‌లో ఆ సినిమాని మళ్లీ హాళ్లకి తెచ్చారు. ‘కల్కి’కి సలహాలిచ్చిన పెద్దాయనా సింగీతం గారే.

నీళ్ల సంగతైతే రెణ్ణెల్లకే కళ్లారా చూశాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, అక్కడున్న మా చుట్టాలావిడ ఫోన్లో “చుట్టూ నీళ్లే, గుక్కెడు తాగడానికి లేవొదినా” అని ఏడ్చింది. నీళ్ల సీసా కోసం మేడ మీంచి చేతులు చాపారట. పిల్లలు కాశీ సీను గుర్తు చేసుకున్నారు, నేను కాదు.

ఒక్క లోపం చెప్పాలి. ఇంత కథా ఎవరి చుట్టూ తిరుగుతుందో, ఆమె చేత మాట్లాడించింది బహు తక్కువ. ఫైటింగులకిచ్చిన టైములో పావు వంతు ఇస్తే, ‘నాకీ బిడ్డ కావాలా, వద్దా’ అని ఆమె కూడా చెప్పేదేమో! రెండో భాగంలో దీపిక ఉండదని నిర్మాతలు 2025 సెప్టెంబరులోనే ప్రకటించారు. ఆ తల్లి వేషం ఎవరికిచ్చినా సరే, నాలుగు మాటలు ఎక్కువ రాయండి బాబూ అని మనవి.

పక్కింటమ్మాయి మొన్న మా ఇంటికొచ్చింది. పిల్లలు టీవీలో మళ్లీ అదే సినిమా పెట్టారు. లేచి వెళ్లిపోతుందేమో ననుకున్నాను. దీపిక మంటల్లోంచి నడిచొచ్చే చోట మాత్రం రిమోటు లాక్కుని, “వెనక్కి తిప్పరా, మళ్లీ చూద్దాం” అంది. మూడుసార్లు చూసింది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే నేనే లేచాను.