దూర ప్రయాణానికి ముందు క్లచ్ ప్లేట్లు మార్చాలా?

చలికాలం మొదలైతే పలాస, టెక్కలి కుర్రాళ్లు బండ్ల మీద అరకు బయల్దేరతారు. శ్రీకాకుళం, విజయనగరం మీదుగా శృంగవరపుకోట దాకా బండికి పెద్ద కష్టం ఉండదు. ఆ తర్వాత అనంతగిరి ఘాట్. తీరం నుంచి వచ్చిన బండి ఇద్దరినీ, సామాన్లనూ మోసుకుంటూ దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకు ఎక్కాలి. అందుకే వెళ్లే ముందు చాలామంది అడిగేది ఒకటే: క్లచ్ ప్లేట్లు మార్చేయడం మంచిదా?

ముందు క్లచ్ పని తెలియాలి. మన గేర్ల బండ్లలో ఎక్కువగా ఉండేది తడి క్లచ్ (ఇంజనాయిల్లో తడుస్తూ తిరిగేది). అందులో రెండు రకాల ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఘర్షణ ప్లేట్లు (పట్టు కోసం రెండు వైపులా గరుకు పదార్థం అంటించినవి) ఇంజనుతో తిరుగుతాయి. మధ్యలోని ఉక్కు ప్లేట్లు గేరుబాక్సుతో తిరుగుతాయి. స్ప్రింగులు ఈ దొంతరను నొక్కి పట్టి ఉంచుతాయి. లివరు నొక్కితే ఆ బిగింపు సడలుతుంది, ఇంజను బలం చక్రానికి అందదు. వదిలితే మళ్లీ పట్టు. సగం నొక్కి ఉంచితే ప్లేట్లు రాసుకుంటూ జారతాయి. హాఫ్ క్లచ్ అంటే ఇదే. అరుగుదల ఎక్కువగా ఇక్కడే.

ఉద్దానంలో ఈ హాఫ్ క్లచ్ తప్పదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు తోటల దారుల్లో ఇసుక. వెనక సీటు మీద జీడిపిక్కల బస్తానో, కొబ్బరికాయల బస్తానో. చక్రం దిగబడితే సగం క్లచ్ మీదే బండిని బయటికి లాగాలి. రోజూ హైవే మీద టెక్కలి ఉద్యోగానికి వెళ్లొచ్చే బండికి ఈ బాధ లేదు. రెండు బండ్ల మీటర్లూ ఒకే కిలోమీటర్లు చూపించినా లోపల ప్లేట్లు ఒకలా ఉండవు. కాబట్టి కిలోమీటర్లు చూసి నిర్ణయించకండి. (చేపల గంపలు మోసే టీవీఎస్ ఎక్సెల్‌కు క్లచ్ లివరే లేదు, దాని లెక్క వేరు.)

పరీక్ష సులువే. ఖాళీ రోడ్డు మీద పై గేరులో 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ యాక్సిలేటరు బాగా తిప్పండి. ఇంజను మోత ఒక్కసారిగా పెరిగి, బండి మాత్రం ఆ మేరకు అందుకోకపోతే క్లచ్ జారుతోంది. చదునైన రోడ్డు మీద కొద్దిగా జారే క్లచ్ ఘాట్‌లో ఇంకా జారుతుంది, ఎందుకంటే ఎక్కేటప్పుడు ప్లేట్ల మీద పడే బలం ఎక్కువ. జారితే వేడి. వేడికి గరుకు పదార్థం మాడి పట్టు ఇంకా తగ్గుతుంది, ఆ తగ్గిన పట్టుతో మరింత జారుతుంది. మాడు వాసన వచ్చేసరికి బండి లాగడం మానేస్తుంది.

అయితే జారిన ప్రతిసారీ తప్పు ప్లేట్లది కాదు. లివరు కొసన 10 నుంచి 20 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. అసలు లేకపోతే లివరు ఎప్పుడూ కాస్త నొక్కినట్టే, మంచి ప్లేట్లూ జారతాయి. మరీ ఎక్కువైతే ప్లేట్లు పూర్తిగా విడిపోవు, న్యూట్రల్ దొరకదు. రెండూ అడ్జస్టరు తిప్పితే సరిపోయే పనులు. తర్వాత ఆయిల్. కార్ల ఆయిల్లో ఘర్షణ తగ్గించే మందు కలిపి ఉండవచ్చు, అది తడి క్లచ్‌కు పడదు. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అన్న గుర్తు చూసి కొనండి.

ఇవి సరిచేశాక కూడా జారితే కవరు విప్పించాల్సిందే. దగ్గరుండి చూడండి. ఘర్షణ ప్లేటు మందాన్ని కొలిచి కంపెనీ చెప్పిన హద్దుతో పోల్చాలి. ఉక్కు ప్లేటు మీద నీలి మరకలుంటే అది బాగా కాలిందని అర్థం. అద్దం మీద పెడితే వంకర తెలిసిపోతుంది. మార్చేటప్పుడు ఘర్షణ ప్లేట్లన్నీ ఒకేసారి మార్చండి, స్ప్రింగులు కూడా. కొత్త ప్లేట్లను ఆయిల్లో నానబెట్టే బిగించాలి. ఈ పని బయల్దేరే ముందురోజు సాయంత్రం పెట్టుకోవద్దు. కొత్త ప్లేట్లు సర్దుకునేదాకా వైరు వదులు మారుతుంది, దాన్ని మళ్లీ సరిచేయాలి. కనీసం వారం, పది రోజుల ముందు చేయిస్తే మీ ఊరి దారుల్లోనే లోపం బయటపడుతుంది.

జారని క్లచ్‌ను ముట్టుకోవద్దనే నేనంటాను. బాగా పట్టే కంపెనీ ప్లేట్లు తీసేసి, నాణ్యత తెలియని కొత్తవి వేయించుకోవడంలో లాభం లేదు. ఆ శ్రద్ధ క్లచ్ వైరు మీద పెట్టండి. ప్లేట్లు చాలా ముందే లక్షణాలు చూపిస్తాయి, వైరు దారి మధ్యలో తెగుతుంది. తీరంలో ఉప్పు గాలికి దానికి తుప్పు కూడా తొందరగా పడుతుంది. లివరు దగ్గర రబ్బరు వెనక్కి జరిపి, వైరు గుండులోకి వెళ్లే చోట వెలుతురులో చూడండి. ఒక్క పోగు తెగి లేచినా మార్చేయండి. ఇంకో కొత్త వైరు కొని, పాతదాని పక్కనే ట్యాగులతో కట్టి ఉంచుకుంటే, ఘాట్‌లో తెగినా రెండు కొసలూ తగిలించుకుని ముందుకు పోవచ్చు.