ఈనిన గేదె వెన్నుమీది క్రొవ్వు

గడచిన కార్తికమాసమున పాలకేంద్రమువద్ద నొక సభ్యుడు తన చీటీలను నాకు చూపి మిక్కిలి సంతోషించెను. అతని ముఱ్ఱా గేదె యీని మూడు వారములైనది. పాల కొలత తగ్గుచున్నను వెన్నశాతము వారమువారమునకు హెచ్చుచున్నది. "పాలు చిక్కబడుతున్నాయండీ, మేత వంటబట్టింది" అనెను. నేను పశువును చూడబోతిని. ఈనుటకు ముందు కొండవలె నున్న గేదెకు తుంటి యెముకలు పైకి తేలియుండెను. దాణా తొట్టిలో నట్లే యున్నది. వరిగడ్డిని మాత్రము కొంచెము కొఱుకుచుండెను. నోటినుండి మాగిన పండ్ల వాసన వచ్చుచుండెను. ఆ చీటీలోని వెన్న తొట్టిలోని దాణానుండి వచ్చినది కాదు, గేదె వెన్నుమీదినుండి వచ్చినది.

అది యెట్లు వచ్చునో రైతుసోదరులు తెలిసికొనుట యవసరము. పశువు తిన్న మేతలో నప్పటి యవసరమునకు మించినది క్రొవ్వుగా మాఱి, చర్మము క్రిందను, మూత్రపిండముల చుట్టును, ప్రేవుల చుట్టును నుండు కణములలో నిలువయగును. ఒక్కొక్క కణమును దాదాపుగా నొక పెద్ద క్రొవ్వుబొట్టే నింపియుండును. ఆ బొట్టుమీద మాంసకృత్తుల పొర గలదు. అందు ముఖ్యమైనదానికి పెరిలిపిన్ అని పేరు. 1991వ సంవత్సరమున అమెరికా శాస్త్రజ్ఞులు దీనిని ఎలుకల క్రొవ్వుకణములలో గుర్తించి ప్రకటించిరి. మన సంఘపు గిడ్డంగికి కావలివాడెట్లో, క్రొవ్వుబొట్టునకు పెరిలిపిన్ అట్లు. మేత సమృద్ధిగా నున్నంతకాలము, క్రొవ్వును విడదీయు ఎంజైములను ఇది దరిజేరనీయదు. ఆ యెంజైములును మాంసకృత్తులే. కాచునదియు మాంసకృత్తే, తీయునదియు మాంసకృత్తే.

ఈ కరగుట నిప్పుమీద నెయ్యి కరగుటవంటిది కాదు. క్రొవ్వుయొక్క ప్రతి యణువునందును గ్లిసరాలు అను కాడకు మూడు క్రొవ్వు ఆమ్లములు తగిలియుండును. వానిని ఒకదాని వెనుక నొకటిగా త్రెంపవలెను. ఒక్కొక్కదానికి నొక్కొక్క ఎంజైము. రెండవదానిని త్రెంపు ఎంజైమే పని యంతయు నారంభించునని చాలకాలము తలంచిరి. కాని దానిని లేకుండజేసిన ఎలుకలలో గూడ క్రొవ్వు కరగుచుండెను. వేఱొకటి యుండి తీరవలెనని వెదకి, ఆస్ట్రియా దేశమున గ్రాట్జ్ నగరపు శాస్త్రజ్ఞులు 2004వ సంవత్సరమున ఎ.టి.జి.ఎల్. అను మొదటి యెంజైమును ప్రకటించిరి. ఇది చుఱుకుగా పనిచేయుటకు మఱొక చిన్న మాంసకృత్తు తోడు కావలెను. నెమ్మదికాలమున పెరిలిపిన్ ఆ తోడును తనయొద్దనే పట్టియుంచును. తాళపుచెవి కావలివాని మొలత్రాట నున్నట్లు. ఆజ్ఞ వచ్చినప్పుడు పెరిలిపిన్‌మీద ఫాస్ఫేటు ముద్ర పడును. పట్టు సడలి తాళపుచెవి చేతులు మాఱును, గిడ్డంగి తెఱువబడును.

ఆజ్ఞ యెవరిది? మేత బాగుగానున్నప్పుడు రక్తములోని ఇన్సులిన్ "నిలువచేయు"మని చెప్పును. అది తగ్గి, ఎడ్రినలిన్ జాతి హార్మోనుల మాట పైచేయియైనప్పుడు "తీయు"మని యాజ్ఞ. ఈనినవెంటనే పొదుగు పాలచక్కెర కొఱకు రక్తమందలి గ్లూకోజును లాగికొనును. గేదె యాకలి యంత త్వరగా పెరుగదు. ఇన్సులిన్ తగ్గును, వెన్నుమీది క్రొవ్వు కదలును. ఇంతవఱకు రోగము లేదు. ఐగుప్తులో యోసేపు ఏడేండ్ల ధాన్యమును ఏడేండ్ల కఱవునకు దాచిన కథ మా బడిలో చెప్పుచుండిరి. గేదె దూడ కొఱకు చేయునదియు నట్టిదే. అయితే యోసేపు కొలిచి యిచ్చెను.

కొలత తప్పినచో, రక్తములోనికి వెల్లువగా వచ్చిన క్రొవ్వు ఆమ్లములలో కొంత పొదుగు చేరి పాలలో వెన్నయగును. చీటీలో హెచ్చు కనబడుట కిదియే కారణము. మఱికొంత కాలేయము చేరును. అచ్చట దహింపగా మిగిలినది కీటోను పదార్థములుగా మాఱును. పండ్ల వాసన వానిదే. ఇంకను మిగిలినది కాలేయములోనే పేరుకొనును. నెమరువేయు పశువుల కాలేయము క్రొవ్వును బయటికి పంపుటలో మందము. అప్పుడు ఆకలి మఱింత చచ్చును, క్రొవ్వు మఱింత కరగును. మిక్కిలి బలిసి యీనిన పశువు తక్కువ తినును, దానియొద్ద కరగుటకు నిలువయు నెక్కువ. కనుక దానికే యపాయ మెక్కువ. చూడి గేదెను ఎంత బలిపించిన నంత పాలని మనవారనుకొనుట పొరపాటు.

ఆవుపాలలో వెన్నశాతము మాంసకృత్తుల శాతమునకు 1.4 రెట్లు మించినచో అనుమానింతురు. గేదెపాలలో సహజముగనే వెన్న 7 శాతము వఱకు నుండును గావున ఆ లెక్క మనకు పనికిరాదు. పాలు తగ్గుట, వెన్న హెచ్చుట, పశువు చిక్కుట, ఈ మూడును కలిసినచో ఆలస్యము చేయక పశువైద్యునికి చూపవలెను. మూత్రమును పరీక్షించి యాయన నిర్ణయించును. వట్టిపోయిన రెండు నెలలలో పశువును బలియనీయరాదు, మాడ్చనురాదు. చేతితో తడిమిన ప్రక్కటెముకలు తగులుచు, కంటికి కనబడకుండుట మేలు. ఈనుటకు మూడు వారముల ముందునుండి దాణాను కొంచెముకొంచెముగా నలవాటు చేయవలెను. ఈనిన తరువాత మంచి పచ్చిమేతకు లోపము రానీయరాదు.

బెల్లము పెట్టిన చక్కెర లోటు తీరునని యా సభ్యుడు దిమ్మ సిద్ధముచేసికొని యుండెను. నేను వలదంటిని. గేదె పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు బెల్లమును పులియబెట్టివేయును. అది చక్కెరగా రక్తము చేరదు. ఒక్కసారిగా ఎక్కువ పెట్టిన పొట్ట పుల్లబడి మఱొక రోగము తెచ్చును. వైద్యుడు వచ్చి గ్లూకోజును నరములోనికెక్కించి, ప్రొపిలీన్ గ్లైకాల్ అను ద్రవమును కొన్ని దినములు త్రాగింప జెప్పెను. కాలేయము దానినుండి గ్లూకోజును తయారు చేసికొనును. వారము దాటగానే గేదె దాణా ముట్టెను.

పదునైదు దినములకు ఆ సభ్యుడు మరల చీటీతో వచ్చి, వెన్నశాతము పడిపోయినదని మొఱపెట్టుకొనెను. ప్రక్కనున్న పాల కొలత చూడుమంటిని.