నీటిలోనే చేపను తూచడం

హైదరాబాదు నగరానికి పడమటి వైపున, హైటెక్ సిటీని ఆనుకొని, రాతిగుట్టల నడుమ దుర్గం చెరువు ఉన్నది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు ఈ చెరువునుండి వెళ్ళేది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత చుట్టుపట్ల అద్దాల మేడలు లేచినవి. 2020లో చెరువు మీద తీగల వంతెన వచ్చినది. ఒడ్డున ఎన్ని మార్పులు జరిగినా, నీటిలోని చేప జీవించే పద్ధతి మాత్రం మారలేదు. అది పూర్వంవలెనే తన బరువును నీటిమీద వేసి, నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును మొప్పలతో తీసుకొని బ్రతుకుతున్నది.

ఇటువంటి చెరువులో ఒక చేపను పట్టి, దాని బరువు చూచి, తిరిగి ప్రాణంతో విడువవలసి వచ్చినదనుకొనండి. చేపకు హాని కలుగకుండా దానిని ఎట్లా తూచవలెను? ప్రశ్న చిన్నదే. కాని దీనికి సమాధానం చెప్పడానికి ఉన్నత పాఠశాలలో నేర్చుకొన్న భౌతికశాస్త్రమూ, జీవశాస్త్రమూ రెండూ కావలెను.

తూచి విడిచే అవసరం ఎవరికి?

పట్టిన చేపను తిరిగి విడవడమేమిటని కొందరు నవ్వవచ్చును. కాని మన తెలుగు నేలమీద ఈ పని నిత్యమూ జరుగుతున్నది. కొల్లేరు పరిసరాలలో చేపలు పెంచే రైతు అప్పుడప్పుడు విసురు వలతో కొన్ని చేపలను పట్టి, తూచి, మరల చెరువులోనే వదులుతాడు. చేప సగటు బరువు తెలిస్తేనే, చిల్లుల సంచులలో ఎంత తవుడు, ఎంత చెక్క నింపి నీటిలో వేలాడదీయవలెనో తేలుతుంది. మేత తక్కువైతే చేప ఎదగదు. ఎక్కువైతే మిగిలినది కుళ్ళి, నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. అప్పుడు చెరువంతా ప్రమాదంలో పడుతుంది.

చేపల పెరుగుదలను పరిశీలించే శాస్త్రజ్ఞులకు కూడా ఈ అవసరం ఉన్నది. సరదాకు గాలం వేసి, పట్టిన చేపను విడిచిపెట్టేవారు మూడవ తరగతి. వీరికి ఒక ఉదాహరణ గుర్తుండవలెను. 1946లో మైసూరు ప్రాంతపు కబిని నదిలో 120 పౌండ్ల, అనగా సుమారు 54 కిలోగ్రాముల మహాశీర్ చేప గాలానికి చిక్కినది. కావేరి, దాని ఉపనదులకు చెందిన ఆ మూపు మహాశీర్ జాతి 2018 నాటికి, అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల పట్టికలో చేరినది. పెద్ద ఆడ చేప ఒకటి చనిపోతే నష్టపోయేది ఒక్క చేపను మాత్రమే కాదు. అది ముందు ముందు పెట్టబోయే గుడ్లను కూడా నష్టపోతాము.

గాలిలో వేలాడదీస్తే ఏమవుతుంది?

సాధారణంగా చూచే పద్ధతి ఇది: స్ప్రింగు త్రాసు కొక్కెమును చేప మొప్ప క్రిందనో దవడకో తగిలించి నిలువుగా వేలాడదీస్తారు. చేప తన్నుకొంటుంది, ముల్లు ఊగుతుంది, ముల్లు నిలిచేవరకు వేచి ఉంటారు. ఇందులో చేపకు మూడు విధాల హాని ఉన్నది.

మొదటిది శ్వాసకు సంబంధించినది. మొప్పలలో అతి పలుచని రేకులు వరుసలుగా ఉంటాయి. నీటిలో అవి విడివిడిగా విచ్చుకొని ఉంటాయి. గాలిలోనికి రాగానే, నీటినుండి తీసిన కుంచె వెంట్రుకలవలె, ఒకదానికొకటి అతుక్కొనిపోతాయి. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక లీటరు మంచినీటిలో సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆమ్లజని మాత్రమే కరిగి ఉండగలదు. అదే ఒక లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాములు ఉంటుంది. చుట్టూ ఇంత ఆమ్లజని ఉన్నా, రేకులు ముడుచుకొనిపోవడంచేత చేప దానిని అందుకోలేదు. తెలంగాణ రాష్ట్రపు చేప అయిన కొరమీను దీనికి మినహాయింపు. దాని తలలో గాలిని పీల్చుకొనే ప్రత్యేకమైన అర ఉన్నది. బొచ్చె, రోహు వంటి చేపలకు ఆ వసతి లేదు.

ఈ హాని ఎంతటిదో 1992లో కెనడా శాస్త్రజ్ఞులైన ఫెర్గూసన్, టఫ్ట్స్ ప్రకటించిన ప్రయోగంవలన తెలుస్తుంది. వారు రెయిన్‌బో ట్రౌట్ చేపలను బాగా అలసిపోయేటట్లు ఈదించినారు. గాలానికి చిక్కిన చేప పెనగులాడి అలసిపోయే స్థితి ఇటువంటిదే. అలసిన తరువాత గాలిలోనికి తీయని చేపలలో నూటికి 88 బ్రతికినవి. 30 సెకన్లు గాలిలో ఉంచినవాటిలో నూటికి 62 మాత్రమే బ్రతికినవి. 60 సెకన్లు ఉంచినవాటిలో బ్రతికినవి నూటికి 28. ట్రౌట్ చల్లని నీటి చేప. మన చేపలకు ఈ అంకెలే వర్తిస్తాయని చెప్పరాదు. కాని అలసిన చేపకు ప్రతి సెకనూ విలువైనదే అన్న పాఠం అన్నిటికీ వర్తిస్తుంది.

రెండవ హాని బరువువలన కలిగేది. నీటిలో ఉన్నంతసేపు చేప శరీరంలోని ప్రతి భాగాన్నీ నీరు క్రిందినుండి మోస్తూ ఉంటుంది. అందుచేత చేప ఎముకలు, కండరాలు శరీరపు బరువంతటినీ ఒక్కచోట భరించడానికి ఏర్పడినవి కావు. దవడకు కొక్కెం తగిలించి వేలాడదీస్తే మొత్తం బరువు ఆ ఒక్క కీలుమీద పడుతుంది. కడుపులోని అవయవాలు క్రిందికి జారి ఒత్తుకొంటాయి. చేప ఎంత పెద్దదైతే ఈ ప్రమాదం అంత హెచ్చు.

మూడవది జిగురు పోవడం. చేప ఒంటిమీది జిగురు సూక్ష్మజీవులను, బూజును లోపలికి రానీయని కవచం. పొడి చేతులు, గోనెపట్టా, ఎండకు కాగిన బండ ఈ జిగురును తుడిచివేస్తాయి. విడిచిన చేప చక్కగా ఈదుకొంటూ వెళ్ళినట్లే కనిపించవచ్చును. కాని జిగురు పోయిన చోట కొద్ది రోజులకు దూదివంటి బూజు పట్టి అది చనిపోవచ్చును.

చేపకు తెలియదు, కాటాకు తెలుస్తుంది

ఈ మూడు హానులకూ మూలం ఒక్కటే: చేపను నీటినుండి బయటకు తీయడం. మరి తీయకుండా తూచగలమా?

ఇంగ్లండు రాజు రెండవ చార్లెసును గురించి ఒక కథ చెబుతారు. ఆయన రాయల్ సొసైటీ పండితులను పిలిచి, "నీళ్ళ పాత్రలో చేపను వేస్తే పాత్ర బరువు పెరగదెందుచేత?" అని అడిగినాడట. పండితులు తలకొక కారణం చెప్పినారట. చివరకు ఒకరు నిజంగా తూచి చూడగా బరువు పెరిగినదట. ఇది కట్టుకథే కావచ్చును. అయినా నేటికీ విద్యార్థులలో చాలామంది ఈ ప్రశ్నకు తడబడుతారు. "చేప తేలుతున్నది కదా, పాత్ర అడుగును తాకడం లేదు కదా, బరువు ఎట్లా పెరుగుతుంది?" అంటారు.

దీనిని తరగతిలో ఒక రాతితో తేల్చవచ్చును. 530 గ్రాముల నల్లరాతి ముక్కను దారంతో స్ప్రింగు త్రాసుకు కట్టండి. కాటామీద సగం నీళ్ళున్న బకెట్టు ఉంచండి. రాయి అడుగును తాకకుండా నీటిలో మునిగేటట్లు దించండి. రాతి ఘనపరిమాణం సుమారు 200 ఘన సెంటీమీటర్లు. కనుక అది 200 గ్రాముల నీటిని తొలగిస్తుంది. ఆర్కిమిడీస్ సూత్రం ప్రకారం స్ప్రింగు త్రాసు 530కి బదులు 330 గ్రాములు చూపుతుంది. ఇప్పుడు కాటా చూడండి. అది సరిగా 200 గ్రాములు పెరిగి ఉంటుంది. నీరు రాతిని పైకి ఎంత బలంతో నెట్టినదో, రాయి నీటిని క్రిందికి అంతే బలంతో నెట్టినది. ఇది న్యూటను మూడవ సూత్రం. బరువు ఎక్కడికీ పోలేదు. కొంత దారంమీద, కొంత కాటామీద పంచుకొనబడినది. దారాన్ని తెంచితే మొత్తం 530 గ్రాములూ కాటామీదనే పడుతుంది.

చేపకు దారం లేదు. కడుపులోని గాలితిత్తివలన దాని సాంద్రత ఇంచుమించు నీటి సాంద్రతతో సమానం. అందువలన అది నీటిలో తేలికగా నిలువగలదు. దానిని మోసేది నీరు, నీటిని మోసేది బకెట్టు, బకెట్టును మోసేది కాటా. కనుక చేప తన బరువును ఎరుగకున్నా, కాటా మాత్రం దానిని పూర్తిగా చూపుతుంది.

బకెట్టు పద్ధతి

చేప పొడవుకు చాలినంత వెడల్పైన బకెట్టునో తొట్టినో తీసుకొని, ఆ చెరువు నీటినే సగానికి నింపవలెను. దానిని నీడలో కాటామీద పెట్టి బరువు వ్రాసుకొనవలెను. ముడులు లేని మెత్తని వలతో చేపను ఎత్తి, ఒకటి రెండు సెకన్లు నీరు కారనిచ్చి, తొట్టిలో వదలవలెను. తిరిగి బరువు చూచి, మొదటి బరువును తీసివేయవలెను. చేప కదిలేటప్పుడు కాటా అంకెలు ఊగుతాయి. తొట్టిపై తడిగుడ్డ కప్పితే చీకటికి చేప నెమ్మదిస్తుంది, నీళ్ళు చిందవు.

ఇందులో ఒక్క జాగ్రత్త అవసరం. తొట్టి అంచువరకు నిండి ఉండరాదు. నిండి ఉంటే చేప తొలగించిన నీరు పొర్లిపోతుంది. చేప బరువు, పొర్లిన నీటి బరువు ఇంచుమించు సమానం కాబట్టి కాటా ఏ మార్పూ చూపదు. చార్లెసు కథలోని రాజు మాట అటువంటి పాత్ర విషయంలో నిజమే!

చిన్న చేపలను ఒక్కొక్కటిగా తూచనక్కరలేదు. నీళ్ళతో తొట్టి 22.4 కిలోలు ఉండగా, 20 చేపలను వదిలిన తరువాత 27.9 కిలోలు అయినదనుకొనండి. చేపల మొత్తం బరువు 5.5 కిలోలు, ఒక్కొక్కటి సగటున 275 గ్రాములు. చెరువులో అటువంటివి 2,000 ఉంటే వాటి మొత్తం బరువు 550 కిలోలు. మేత అందులో నూటికి 3 వంతులుగా నిర్ణయించుకొంటే, రోజుకు 16.5 కిలోలు కావలెను.

తొట్టిలో పట్టనంత పెద్ద చేపకు జోలె వాడవలెను. నీరు దిగడానికి చిల్లులున్న మెత్తని బట్టతో చేసిన జోలెను ముందుగా తడిపి, త్రాసుకు తగిలించి, దాని బరువు గుర్తించవలెను. విమాన ప్రయాణీకులు పెట్టెలు తూచుకొనే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఇందుకు పనికివస్తుంది. ఈ కాలంలో అది హైటెక్ సిటీ ఉద్యోగుల ఇండ్లలో తరచు కనిపించే వస్తువే. జోలెను నీటిలో ముంచి, చేపను నీటిలోనే దానిలోనికి నడిపించి, అడ్డంగా పడుకొన్న స్థితిలో ఎత్తి, అంకె చూచి, వెంటనే దింపవలెను. ఎత్తేటప్పుడు మీరు కూడా ఊపిరి బిగపట్టండి. మీకు ఉక్కిరిబిక్కిరి కాకముందే చేప నీటిలో ఉండవలెను.

కొలబద్దతో బరువు

కాటా లేనప్పుడు కొలతతోనే బరువు అంచనా వేయవచ్చును. శరీరపు ఆకారం మారకుండా చేప పొడవు రెట్టింపైతే, వెడల్పు, మందం కూడా రెట్టింపవుతాయి. అప్పుడు బరువు 2 × 2 × 2, అనగా 8 రెట్లు అవుతుంది. 25 సెంటీమీటర్ల చేప 200 గ్రాములుంటే, అదే జాతికి చెందిన 50 సెంటీమీటర్ల చేప సుమారు 1,600 గ్రాములుంటుంది.

చుట్టుకొలత కూడా తెలిస్తే అంచనా మెరుగుపడుతుంది. గాలం వేసేవారు అంగుళాలలో చుట్టుకొలత వర్గాన్ని పొడవుతో గుణించి, 800తో భాగించి పౌండ్లు కనుగొంటారు. మన కొలతలలో సెంటీమీటర్లు తీసుకొని 29తో భాగిస్తే గ్రాములు వస్తాయి. పొడవు 50, చుట్టుకొలత 30 సెంటీమీటర్లు అయితే 30 × 30 × 50 = 45,000; దానిని 29తో భాగిస్తే సుమారు 1,550 గ్రాములు. చేప రెండు కొసలా సన్నబడే ఆకారంలో ఉంటుంది గనుక, అదే పొడవు, అదే చుట్టుకొలత గల స్తంభపు ఘనపరిమాణంలో సగానికి కొంచెం తక్కువ మాత్రమే దానికి ఉంటుంది. ఈ సూత్రంలోని రహస్యం అదే. సన్నని కొరమీనుకు, వెడల్పైన బొచ్చెకు ఒకే అంకె సరిగా సరిపోదు. కనుక దీనిని అంచనాగానే గ్రహించవలెను. కొలతనారను తడిపి, చేప నీటిలో ఉండగానే కొలవడం మంచిది.

విడిచే వేళ

తూచడం ముగిసిన తరువాత చేపను ఒడ్డునుండి విసరరాదు. తడి చేతులతో నీటిలో నిటారుగా పట్టుకొని, తనంతట తాను ఈదిపోయేవరకు ఆధారమివ్వవలెను. ఈ పనికి తగిన వేళ సూర్యోదయం తరువాత కొంతసేపటికి వస్తుంది. రాత్రంతా మొక్కలు, జీవులు శ్వాసించడంవలన తెల్లవారుజామున చెరువు నీటిలో ఆమ్లజని అతి తక్కువగా ఉంటుంది. ఎండ వచ్చిన తరువాత నీటి మొక్కలు దానిని మళ్ళీ సమకూర్చుతాయి. నడిమధ్యాహ్నం నీరు వేడెక్కుతుంది. చేపకు ఆమ్లజని అవసరమూ హెచ్చుతుంది. మండు వేసవిలో ఈ పని మానుకొనడమే మేలు. చెరువులలో చేపలు పట్టే హక్కు సాధారణంగా మత్స్యకారుల సంఘాలకో, లైసెన్సు ఉన్నవారికో ఉంటుంది గనుక అనుమతి లేనిదే గాలం వేయరాదు.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని బోధించడానికి బ్రతికిన చేపను తేనక్కరలేదు. ఒక రాయి, ఒక బకెట్టు, రెండు త్రాసులు చాలును. ఆర్కిమిడీస్ సూత్రాన్ని పరీక్షకోసం వల్లించిన విద్యార్థి, అదే సూత్రం ఒక ప్రాణిని కాపాడగలదని తన కళ్ళతో చూచినప్పుడు, దానిని ఇక మరువడు.