తెర దాకా దారేదీ?

ఫ్రాన్సులోని కాన్ పట్టణం పేరు వినని సినీప్రియులు ఉండరు. ఏటా మే నెలలో అక్కడ జరిగే చిత్రోత్సవానికి లోకంలోని తారలంతా తరలి వస్తారు. ఎర్ర తివాచీ పరిచిన 24 మెట్లు ఎక్కి, పైన నిలబడి ఒక్కసారి చెయ్యి ఊపితే చాలు, ఆ నటుడి జన్మ ధన్యమైనట్టే!

2024 మే నెలలో ఆ మెట్ల మీద ఒక దృశ్యం కనిపించింది. ఆ రోజుల్లో ఫ్రాన్సు థియేటర్లలో విరగబడి ఆడుతున్న ఒక హాస్యచిత్రం బృందం అక్కడికి వచ్చింది. ఆ చిత్రానికి కోటికి పైగా టిక్కెట్లు తెగాయి. అందులో నటించినవారిలో చాలామంది వికలాంగులే. ఒక యువనటుడు చక్రాల కుర్చీలో ఉన్నాడు. దర్శకుడు ఆర్టుస్ ఆ కుర్రవాణ్ణి ఎత్తుకుని మెట్లెక్కాడు. కెమెరాలు క్లిక్కుమన్నాయి. చప్పట్లు మోగాయి.

చప్పట్లు సద్దుమణిగాక చాలామందికి ఒక ప్రశ్న మిగిలింది. అంత ఖర్చుపెట్టి తివాచీ పరిచినవారికి పక్కన ఒక వాలుదారి వేయడం అంత కష్టమా? ఎత్తుకునే దర్శకుడు దొరకని వాళ్ళ సంగతేమిటి?

కాన్ ఎక్కడ, కోటవురట్ల ఎక్కడ అంటారా? అక్కడికే వస్తున్నాను.

తెర మీద ఉన్నారు... తెర ముందు లేరు!

మన తెలుగు సినిమాలో వికలాంగులకి మంచి పాత్రలు లేకపోలేదు సుమా! 'సిరిసిరిమువ్వ' (1976)లో జయప్రద మూగపిల్లగా మాటలు లేకుండానే మనసులు దోచుకుంది. 'మయూరి' (1985) అయితే నిజంగా జరిగిన కథే. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ కాలుతో మళ్ళీ నాట్యం చేసిన సుధాచంద్రన్ తన కథలో తనే నటించింది. 'సిరివెన్నెల' (1986)లో కె.విశ్వనాథ్ ఒక అంధ వేణుగాన విద్వాంసుణ్ణి, ఒక మూగ చిత్రకారిణిని మనకు చూపించారు. ఆ చిత్రం పేరే ఇంటిపేరై నిలిచిపోయిన సీతారామశాస్త్రి గారు మా అనకాపల్లిలో పెరిగినవారే! కోటవురట్ల కూడా ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోనే ఉంది కాబట్టి ఆ మాత్రం గర్వం మాకూ ఉంటుంది.

ఇటీవలి వాటికొస్తే 'ఊపిరి' (2016), 'రాజా ది గ్రేట్' (2017), 'రంగస్థలం' (2018)... అగ్రనటులే ఆ పాత్రలు వేశారు, జనం నెత్తిన పెట్టుకున్నారు. మచిలీపట్నం దగ్గర పుట్టిన అంధ పారిశ్రామికవేత్త శ్రీకాంత్ బొల్లా కథని హిందీవారు 2024లో సినిమాగా తీశారు.

అన్నీ బాగున్నాయి. మరి 'ఊపిరి'లో నాగార్జున చక్రాల కుర్చీ పారిస్ వీధులన్నీ చుట్టి వచ్చిందే! ఆ సినిమా చూడాలని సరదా పడిన మన ఊరి చక్రాల కుర్చీ థియేటరు గుమ్మం దాటిందా? వినికిడి సరిగా లేని చిట్టిబాబు కథ చూద్దామని వచ్చిన వినికిడి లేని కుర్రాడికి తెర కింద తెలుగు అక్షరాలు కనిపించాయా?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగుల సంఖ్య 2 కోట్ల 68 లక్షలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షల 66 వేలు. ఇంతమందికీ సినిమా పిచ్చి ఉండదనుకుంటే అది మన అమాయకత్వమే!

నీళ్ళు తాగని ప్రేక్షకుడు

నా చిన్ననాటి స్నేహితుడొకడున్నాడు. పోలియో వల్ల రెండు కాళ్ళూ పనిచెయ్యవు. కోటవురట్లలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. మా వాడికున్న సినిమా పరిజ్ఞానం ముందు నాలాంటి సినీ విలేఖరి దిగదుడుపే. ఏ సినిమాకి ఎవరు ఛాయాగ్రాహకుడో, ఏ పాట ఏ రాగమో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అయితే ఆ పరిజ్ఞానమంతా టీవీలోనూ, ఫోనులోనూ సంపాదించిందే.

కొన్నేళ్ళ క్రితం ఒక పట్నంలో చిత్రోత్సవం జరుగుతుంటే (పేరెందుకు లెండి) ఇద్దరం వెళ్ళాం. గుమ్మం దగ్గర పదకొండు మెట్లు. వాలంటీర్లు నలుగురు పరుగెత్తుకొచ్చి కుర్చీతో సహా మా వాణ్ణి లేవనెత్తారు. పాపం, మంచి కుర్రాళ్ళు. లోపల చక్రాల కుర్చీకి చోటు లేదు. నడిచే దారిలో పెడితే "అడ్డం అండీ" అన్నారు. చివరికి మొదటి వరస ముందు, తెరకి ముక్కు ఆనేంత దగ్గరలో కూర్చోబెట్టారు. మెడ వెనక్కి వాల్చుకుని ఆ రోజు మూడు సినిమాలు చూశాడు.

రాత్రి బస్సులో "ఎలాగుందిరా?" అని అడిగాను.

"సినిమాలు అదిరిపోయాయిరా. కాపోతే పొద్దుట్నించి గుక్కెడు నీళ్ళు తాగలేదు. తాగితే బాత్రూముకి ఎల్లాల. అది మేడ మీద ఉంది" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. వాడే మళ్ళీ అన్నాడు.

"నన్నెత్తినోళ్ళందరూ మంచోళ్ళేరా, ఆళ్ళకి దణ్ణం. కానీ నువ్వు సినిమాకెల్లాలంటే టిక్కెట్టొకటే ఎతుక్కుంటావు. నేను టిక్కెట్టుతో పాటు నలుగురు మంచోళ్ళని ఎతుక్కోవాలేటి?"

పాఠకులారా! ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

టేపు పట్టుకుని బయలుదేరాం

మా నర్సీపట్నం వైపు కుర్రాళ్ళకి సినిమా అంటే ప్రాణం. కృష్ణ 'అల్లూరి సీతారామరాజు' (1974) మా పైనున్న చింతపల్లి అడవుల్లోనే తీశారని పెద్దలు ఇప్పటికీ కథలుగా చెబుతారు. పూరి జగన్నాథ్ మా ప్రాంతం వాడేనని కుర్రకారు ఛాతీ విరుచుకుంటారు. ఇప్పుడు సెల్‌ఫోన్లతో లఘుచిత్రాలు తీసేవాళ్ళు ఊరికి ఇద్దరున్నారు. వాళ్ళలో కొందరికి ఒక చిన్న చిత్రోత్సవం జరపాలని కోరిక పుట్టింది. హాలు వెతికే పని నాకూ, మా వాడికీ అప్పగించారు. మా వాడు జేబులో టేపు పెట్టుకుని వచ్చాడు!

మూడు హాళ్ళు చూశాం. మొదటిదానికి మూడు మెట్లు. ఒక్కొక్కటి 6 అంగుళాలు, మొత్తం 18 అంగుళాల ఎత్తు. పక్కనే మోటారు సైకిళ్ళు ఎక్కించడానికి సిమెంటు వాలు ఉంది. దాని పొడవు 6 అడుగులు. మా వాడు ఎక్కడానికి ప్రయత్నించాడు. కుర్చీ ముందు చక్రాలు గాలిలోకి లేచాయి. వెనక నేను పట్టుకోకపోతే వెల్లకిలా పడేవాడే!

ఇక్కడే అసలు లెక్క ఉంది. మన దేశపు ప్రమాణాల ప్రకారం వాలు 1కి 12 మించకూడదు. అంటే అంగుళం ఎత్తు ఎక్కడానికి 12 అంగుళాల పొడవు కావాలి. 18 అంగుళాలకి 18 అడుగులన్నమాట. అక్కడున్న మేస్త్రి ఈ లెక్క విని, "అయితే రోడ్డు మీదకొచ్చేస్తాది గదండీ!" అన్నాడు. రానక్కరలేదు. గోడ వెంబడి పక్కకి తిప్పి, మలుపు దగ్గర చదునుగా ఐదడుగుల చోటు వదిలితే సరి. రెండు పక్కలా చేత్తో పట్టుకునే కమ్మీ ఉండాలి. గచ్చు జారకూడదు. అంతే!

రెండో హాలుకి వాలుదారి చక్కగా ఉంది. లోపలికి వెళ్ళాం. బాత్రూము తలుపు వెడల్పు రెండడుగులు. మా వాడి కుర్చీ వెడల్పు 26 అంగుళాలు. తలుపు దగ్గరే కథ కంచికి చేరింది! చక్రాల కుర్చీ సులువుగా పోవాలంటే 900 మిల్లీమీటర్లు, అంటే దగ్గర దగ్గర మూడడుగుల ఖాళీ ఉండాలి. లోపల కుర్చీ గుండ్రంగా తిరగడానికి ఐదడుగుల చోటు కావాలి.

మూడో హాలులో గుమ్మం, బాత్రూము బాగానే ఉన్నాయి. కుర్చీలు మాత్రం గోడ నుంచి గోడకి బిగించేశారు. మధ్య వరసల్లో రెండు కుర్చీలు విప్పేస్తే మూడడుగులకి నాలుగడుగుల జాగా వస్తుంది, చక్రాల కుర్చీకి అది సరిపోతుంది. పక్కనే తోడొచ్చిన మనిషికి సీటు ఉంటుంది. ఈ మాటే యజమానికి చెప్పాం.

"అలాంటోళ్ళు ఎంతమంది వస్తారండీ?" అన్నారాయన, నవ్వుతూనే.

మా వాడు తడుముకోకుండా "రానిచ్చేక లెక్కెట్టండి" అన్నాడు.

ఆయన నవ్వు ఆపి కాసేపు ఆలోచించి, రెండు కుర్చీలు విప్పించడానికి ఒప్పుకున్నారు. ఖర్చల్లా నాలుగు బోల్టులు తిప్పిన కూలీయే!

మెట్లొక్కటేనా?

వాలుదారి వేసేసి చేతులు దులుపుకుంటే చాలదు. 'మాయాబజార్' (1957)లో ఘటోత్కచుడి విందు గుర్తు చేసుకోండి. ఎస్.వి.రంగారావు లడ్డూల వైపు చూస్తే అవి గాల్లో ఎగిరొచ్చి నోట్లో పడతాయి. హాలంతా ఘొల్లుమంటుంది. చూపు లేని ప్రేక్షకుడికి మాధవపెద్ది సత్యం గొంతూ, పక్కవాళ్ళ నవ్వులూ వినిపిస్తాయి. ఎందుకు నవ్వుతున్నారో తెలియదు!

దీనికి ఉపాయం ఉంది. మాటకీ మాటకీ మధ్య దొరికే ఖాళీలో తెర మీద ఏం జరుగుతోందో ఒక గొంతు క్లుప్తంగా చెబుతుంది. దాన్నే ఆడియో వివరణ అంటారు. చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోనులో ఆ ఒక్కడికే వినిపిస్తుంది, పక్కవాడికి ఇబ్బంది ఉండదు. వినికిడి లేనివారికైతే సంభాషణలతో పాటు 'తలుపు చప్పుడు', 'దూరంగా రైలు కూత' అని కూడా రాసే అక్షరాలు కావాలి.

పరికరం ఉంటే చాలదు, అది పనిచెయ్యాలి కూడా! 2023 జనవరిలో అమెరికాలోని సన్‌డాన్స్ చిత్రోత్సవంలో మార్లీ మాట్లిన్ జ్యూరీ సభ్యురాలు. వినికిడి లేని ఈ నటి 1987లోనే ఉత్తమ నటిగా ఆస్కార్ గెలుచుకుంది. ఒక ప్రదర్శనలో ఆమెకిచ్చిన అక్షరాల పరికరం మొరాయించింది. ఆమె బయటికి నడిచింది. ఆమె వెంట తోటి జ్యూరీ సభ్యులు కూడా లేచి వచ్చేశారు. అందరం కలిసి చూడలేని సినిమాకి తీర్పు ఏమిటని వారి భావం. స్నేహమంటే అదీ!

చట్టం ఏమంటోంది?

2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. భవనాలూ, వినోదమూ అందరికీ అందుబాటులో ఉండాలంది. 2024 మార్చి 15న కేంద్ర సమాచార ప్రసార శాఖ థియేటర్ల కోసం మార్గదర్శకాలు విడుదల చేసింది. 2025 జనవరి 1 నుంచి జాతీయ అవార్డులకూ, గోవాలో జరిగే అంతర్జాతీయ చిత్రోత్సవానికీ పంపే కథాచిత్రాలకు అక్షరాలూ, ఆడియో వివరణా తప్పనిసరి అన్నది అందులో ఒక ముఖ్యమైన నిబంధన.

అదే ఏడు నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో గట్టి తీర్పు ఇచ్చింది. ప్రభుత్వ నియమాలు 'చేస్తే మంచిది' అన్నట్టు సలహాలుగా ఉన్నాయనీ, చట్టం కోరేది అది కాదనీ, 'చేసి తీరాలి' అనే కనీస ప్రమాణాలు రాయాలనీ ఆదేశించింది. ఆ కేసులో కోర్టుకి నివేదిక తయారుచేసి ఇచ్చింది ఎవరో తెలుసా? మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో వికలాంగుల అధ్యయన కేంద్రం!

గోవా కాస్త దారి చూపింది

1952లో మొదలైన మన అంతర్జాతీయ చిత్రోత్సవానికి 2004 నుంచి గోవా వేదిక. 2022లో అక్కడ 'గాంధీ' చిత్రాన్ని ఆడియో వివరణతో, అక్షరాలతో ప్రత్యేకంగా ప్రదర్శించారు. 2024లో 'స్వయం' అనే సంస్థ సాయంతో వేదికల దగ్గర వాలుదారులు, చేతికమ్మీలు ఏర్పాటు చేశారు, సైగల భాష తెలిసినవారిని కూర్చోబెట్టారు.

మనకూ ఉత్సవాలు కొత్త కాదు. 1986లో ఫిల్మోత్సవ్ హైదరాబాదులోనే జరిగింది. బాలల చిత్రోత్సవం హైదరాబాదుకి వచ్చింది, 2017లో 20వ ఉత్సవం కూడా అక్కడే చేసుకున్నాం. రేపు విశాఖలోనో, తిరుపతిలోనో, మా నర్సీపట్నంలోనో జరగబోయే ఉత్సవాలు మొదటి రోజు నుంచే అందరివీ కావాలి.

మీరేం చెయ్యగలరు?

కాలేజీలో చిన్న ప్రదర్శన పెడుతున్నారా? కింది అంతస్తు హాలే తీసుకోండి. కరపత్రం మీద ఎన్ని మెట్లున్నాయో, బాత్రూము ఎక్కడో దాచకుండా రాయండి. టిక్కెట్టు ఇచ్చేటప్పుడే "మీకేమైనా ఏర్పాటు కావాలా?" అని అడగండి. వచ్చినవాళ్ళ కుర్చీని వాళ్ళు అడక్కుండా ముట్టుకోకండి, అది వాళ్ళ కాళ్ళతో సమానం. లఘుచిత్రం తీస్తే తెలుగు అక్షరాలు మీరే వెయ్యండి. ఒక రాత్రి పని, పైసా ఖర్చుండదు.

అభిమాన హీరో కటౌటుకి దండలు వేసే కుర్రాళ్ళు ఒక వాలుదారికి రెండు బస్తాల సిమెంటు ఇవ్వలేరా? ఈసారి మీరు సినిమాకి వెళ్ళినప్పుడు హాలు మెట్లు ఒకసారి లెక్కపెట్టండి. ఆ లెక్క మేనేజరు గారికి చెప్పి, పక్కన దారెప్పుడు వేస్తారో అడిగి రండి.