నిప్పుంటే పొగ ఉండి తీరాలా?

ఎవరిమీదైనా పుకారు పుట్టిందంటే చాలు, నిప్పు లేనిదే పొగ రాదు అనేస్తారు. తర్కశాస్త్రం మొదలుపెట్టిన విద్యార్థికి ముందుగా ఎదురయ్యేదీ ఈ పొగే. కొండమీద పొగ లేస్తోంది, కాబట్టి అక్కడ నిప్పుంది. ఇంత తేలిక మాటను ఎందుకు నమ్మాలో తేల్చడానికి న్యాయదర్శనం శతాబ్దాల తరబడి తలలు బద్దలు కొట్టుకుంది.

వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకున్న దర్శనాలు ఆరు: సాంఖ్యం, యోగం, న్యాయం, వైశేషికం, మీమాంస, వేదాంతం. ఒప్పుకోవడం వరకే వాటి పొత్తు. వేదానికి కర్తే లేడని మీమాంసకులంటే, ఈశ్వరుడే కర్త అని న్యాయదర్శనం వాళ్లైన నైయాయికులు అంటారు. ఇక సాంఖ్యకారికలు రాసినవాడి పేరు ఈశ్వరకృష్ణుడు; ఆయన చెప్పిన సృష్టిక్రమంలో మాత్రం ఈశ్వరుడికి పనే లేదు!

ఈ తగవుల్లోకి దిగేవాడికి వాదించడం రావాలి. అందుకు పిల్లలు మొదట పట్టే పుస్తకం తర్కసంగ్రహం. 17వ శతాబ్దంలో దాన్ని రాసిన అన్నంభట్టు తెలుగువాడు. కాశీకి వెళ్లినంత మాత్రాన ఎవడూ అన్నంభట్టు కాలేడని పండితుల్లో ఒక నానుడి ఉంది. పుస్తకం చాలా చిన్నది, అందుకే దానికి దీపిక అనే వ్యాఖ్యనూ ఆయనే రాసుకున్నాడు.

తర్కసంగ్రహంలో ఎదుటివాణ్ని ఒప్పించే పద్ధతికి అయిదు మెట్లు. కొండమీద నిప్పుందనడం ప్రతిజ్ఞ. పొగ ఉంది కనక అనడం హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో చూశాం కదా అనడం ఉదాహరణ. ఈ కొండా అలాంటిదే అనడం ఉపనయం. కాబట్టి నిప్పుంది అని తేల్చడం నిగమనం. వంటిల్లు లేకపోతే ఈ వాదం నిలవదు. ఉత్త సూత్రం సరిపోదు, అందరూ చూసిన చోటు ఒకటి చూపించాలి.

ఇప్పుడు మాట తిరగేద్దాం. నిప్పుంది కాబట్టి పొగ ఉంటుందా?

ఉండనక్కర్లేదు. ఎర్రగా కాలిన ఇనప గుండులో నిప్పుంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే నిప్పుకు పచ్చికట్టె తోడవాలి. వాదంలో పైకి చెప్పకుండా దాక్కున్న ఇలాంటి షరతును ఉపాధి అంటారు. తర్కసంగ్రహం మొత్తంలో పదునైన ఆయుధం ఇదేననిపిస్తుంది. ఎదుటివాడి వాదంలో పచ్చికట్టె ఎక్కడుందో చూపిస్తే చాలు, వాదం కూలిపోతుంది.

విచిత్రమేమిటంటే, ఆ ఆయుధం నైయాయికుల మీదికే తిరిగింది. కుండకు కుమ్మరి ఉన్నట్టే, పుట్టిన ప్రతిదానికీ కర్త ఉంటాడు కనక మొలకకూ భూమికీ ఒక కర్త ఉండాలి, ఆయనే ఈశ్వరుడు అన్నది వాళ్ల అనుమానం, అంటే హేతువు చూపి తేల్చిన మాట. దీపికలోనూ ఈ వాదం ఉంది. అయితే కుమ్మరికి ఒళ్లుంది, చేతులున్నాయి. శరీరం ఉన్నవాడు చేసినవాటికే కర్త ఉంటాడని ఎందుకనుకోకూడదు? ప్రతివాదులు బయటికి లాగిన పచ్చికట్టె అది. కర్త కావడానికి కావలసింది శరీరం కాదనీ, పదార్థం గురించిన జ్ఞానం, చేయాలన్న కోరిక, ప్రయత్నం అనే మూడేననీ నైయాయికులు బదులిచ్చారు. ప్రతివాదుల్లో బౌద్ధులు అంతటితో ఊరుకోలేదు. 11వ శతాబ్దంలో విక్రమశిల పండితుడు రత్నకీర్తి ఈ ఈశ్వరానుమానాన్ని ఖండించడానికే ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు.